సున్నా కొట్టిన చోటు

గ్యాసు కొలిచే వ్యాను ఆటల మైదానం పక్కన ఆగి ఉంది. ఇంజను ఆపేశారు. తెర మీద అంకె మాత్రం ఆగడం లేదు, ఎగబాకుతూనే ఉంది. పోయినసారి మన ముక్కుని అక్కడే, ఆ తెర ముందు గుడ్లప్పగించి కూర్చుని ఉండగా వదిలేశాం.

ముక్కు అన్నది ఆఫీసువాళ్లు వేళాకోళానికి పెట్టిన పేరు. పిల్ల గ్యాసు లీకులు కొలుస్తుంది కదా, అందుకని. నిజానికి ఆ గ్యాసుకి వాసనే లేదు. వంటింట్లో మనం ముక్కు మూసుకునే కంపు ఊళ్లోకి పంపే ముందు కలిపేది. గ్యాసు స్టేషనుకి పెద్ద గొట్టాల్లో వచ్చే మీథేనుకి రంగు లేదు, కంపు లేదు, సిగ్గూ లేదు. ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి జారుకుంటుంది. ఆకాశంలో చేరి వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువుని పక్కకి నెట్టేసే రకం. ఎక్కడ ఎంత కారుతోందో తెలిస్తే అక్కడ బిగించవచ్చు, బిగిస్తే లోకం వేడెక్కడం కొంచెమైనా నెమ్మదిస్తుంది. ఈ ఉద్యోగంలో చేరిన రోజు ముక్కు ఈ మాట నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది, పాపం.

కొలతకి బయల్దేరే ముందు యంత్రానికి మామూలు గాలి చూపించాలి. దీన్ని సున్నా అనుకో, దీనికి పైన ఎంతుంటే అంత చెప్పు అని బటన్ నొక్కాలి. దాన్నే వీళ్లు సున్నా కొట్టడం అంటారు. స్టేషనుకి గాలి వచ్చే వైపున, కాలనీ ఇళ్ల వెనక, ఈ ఆటల మైదానం ఉంది. ఏళ్ల తరబడి సున్నా కొడుతున్నది ఇక్కడే. మొన్న దారి తవ్వేసి ఉండటంతో ముక్కు ఊరవతల వంతెన మీద కొట్టింది. కొట్టి స్టేషను చుట్టూ తిరిగితే అంకెలన్నీ ఎప్పుడూ లేనంత ఎక్కువ వచ్చాయి. సాయంత్రానికి దారి పూడ్చారు. తిరిగొస్తూ మైదానం పక్కకి చేరేసరికి, శుభ్రమైన గాలికి పెట్టింది పేరనుకున్న ఆ చోట కూడా అంకె లేచింది. పళ్లెం నిండా దుమ్ము పేరుకున్న తక్కెడని దుమ్ముతో సహా సున్నా అనుకుని ఇన్నాళ్లూ సరుకు తూచారన్నమాట.

ఆ చోటుని ఎంచినవాడు ఆమె బావ.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం. రేపు పొద్దున్న ఆమె ఒక సంతకం పెట్టాలి. స్టేషను లీకులు సగానికి సగం తగ్గాయని ఆ సంతకం చెబుతుంది. దాన్ని చూపించి స్టేషనువాళ్లు పక్కనే ఇంకొకటి కట్టుకుంటారు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి. చెబితే ముందు పోయేది బావ పరువు. అందుకే ఆమె ఆఫీసుకి కాకుండా బావ ఇంటికి బయల్దేరింది. సంచీలో చేత్తో పట్టుకునే చిన్న పరికరం వేసుకుంది. ఎందుకు వేసుకుందో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

మూడు రోజులుగా పట్టిన వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. వీధంతా బురద. గేటు తీసిన అక్క చెల్లెలి మొహం చూసి, "ఏమే, అలా పీక్కుపోయావేం? తిండి మానేశావా?" అంది. జవాబు కోసం ఆగలేదు. అక్క ప్రశ్నలు ఎప్పుడూ అంతే, పలకరింపుకే గాని జవాబుకి కాదు. "వెనక వరండాలో ఉన్నారు. జలుబు. మూడు రోజుల్నుంచి కుర్చీ దిగలేదు. నువ్వైనా నాలుగు చీవాట్లు పెట్టు."

బావ వరండాలో కూర్చుని విరిగిన గొడుగు ఊచ సరిచేస్తున్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. ఎదురుగా చిన్న పెరడు, పెరడు చివర గోడ, గోడ అవతల మైదానం. కిందటి నెలలోనే ఉద్యోగ విరమణ అయింది. సభ పెట్టి మరీ పొగిడారు. ఈ చుట్టుపక్కల గ్యాసు కొలిచేవాళ్లలో ఆయన దగ్గర పని నేర్చుకోనివాళ్లు లేరు, అందుకని ఊరంతటికీ ఆయన మాస్టారు. ముక్కుకి అంతకంటే ఎక్కువ. అమ్మానాన్నా పోయాక ఆమెని చదివించింది ఈయనే. ముందు గాలి ఎటుందో చూడు, తర్వాతే యంత్రం వైపు చూడు అని నేర్పిందీ ఈయనే.

"ఏం ముక్కూ, ఆదివారం కూడా వదలవా?" అన్నాడు సంచీ వైపు చూసి.

ఆమె కూర్చోలేదు. "బావా, మొన్న నేను వంతెన మీద సున్నా కొట్టాను."

ఊచ మీద చెయ్యి ఆగింది. "మైదానానికేమొచ్చింది?"

"దారి తవ్వేశారు."

"ఒక్క రోజు ఆగాల్సింది."

అంతే అన్నాడు. మళ్లీ ఊచ వంచడంలో పడ్డాడు. ఈ పని చేసేవాడెవడైనా, ఇంకేం అడిగినా అడక్కపోయినా, అంకె ఎంతొచ్చిందని ముందు అడుగుతాడు. బావ అడగలేదు. అది ముక్కుకి అప్పుడు తట్టలేదు. ఆమెకి చెప్పుకోవాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంది. వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా గడగడా చెప్పేసింది. మైదానం గాలిలోనే గ్యాసుందని, దాన్ని సున్నా అనుకున్నామని, స్టేషను లీకులోంచి ప్రతిసారీ మైదానం లీకుని తీసేస్తూ వచ్చామని.

"ఇంకా ఘోరం ఏంటో తెలుసా బావా? యంత్రంలో దాచిన పాత అంకెలు తీసి చూశాను, మైదానంలో లీకు ఏటేటా పెరుగుతోంది. అక్కడ పెరిగినకొద్దీ స్టేషన్లో తగ్గినట్టు కనిపించింది. మనం సగానికి తగ్గించామని చంకలు గుద్దుకున్నది దాన్ని చూసే. తగ్గడం కాదు, అసలు ఏమీ తగ్గలేదు."

బావ గొడుగు పక్కన పెట్టాడు.

"అప్పట్లో పై ఆఫీసువాళ్లు శుభ్రమైన గాలి నింపిన సిలిండర్లు పంపేవాళ్లు. సున్నా దానితోనే కొట్టాలి. ఒక ఏడాది రాలేదు. ఉత్తరాలు రాశాను, మనిషిని పంపాను. రాలేదు. పని ఆపలేం కదా. గాలి వచ్చే వైపున్న ఖాళీ జాగా ఏదా అని చూస్తే ఇది కనిపించింది. పచ్చగా ఉంది, పిల్లలు ఆడుకుంటున్నారు. ఇంతకంటే మంచి గాలి ఎక్కడుంటుందిలే అనుకున్నాను. తర్వాత అదే అలవాటైపోయింది."

ముక్కుకి గుండెల మీంచి బరువు దించినట్టయింది. పొరపాటు! ఒట్టి పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. వెంటనే కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"పోనీలే బావా. మనమే పట్టుకున్నాం, అది చాలు. ఇద్దరం కలిసి రాద్దాం. పాతవన్నీ మళ్లీ లెక్క కడదాం. నువ్వు పక్కనుంటే వారం పని. నాలుగు రోజులు ఎవరో ఏదో అంటారు. అననీ."

"రేపు సంతకం పెట్టెయ్," అన్నాడు బావ.

"ఏంటి?"

"పెట్టెయ్. తర్వాత సిలిండర్లు తెప్పించుకో, మెల్లిగా సున్నా మార్చుకో. అంకెలు పెరిగితే లీకు పెరిగిందని రాయి. స్టేషనువాళ్లు బిగిస్తారు. పాతవాటి జోలికి ఎవరూ పోరు. ఎవరికీ నొప్పి ఉండదు."

ఎవరికీ నొప్పి ఉండదట. ఒకసారి గాలి ఎటుందో చూడకుండా కొలిచానని రోజంతా పని మళ్లీ చేయించిన మనిషి ఈయనేనా అని ఆమె ఆయన మొహంలోకి చూసింది.

అప్పుడే అక్క టీ తెచ్చింది. కప్పులు పెడుతూనే అందుకుంది. "చూశావటే మీ బావ చాదస్తం? ఆ వెనక గదంతా జల్లు కొట్టి మంచం కాళ్లు నానిపోయాయి. కిటికీ వేస్తానంటే చేతికి అడ్డం పడతారు. వానైనా అంతే, చలైనా అంతే. రాత్రుళ్లు దోమలు పీక్కు తింటున్నా అంతే. చివరికి రెక్కలకి మేకులు కొట్టేశారు, నేను మూయకుండా."

"ఎప్పట్నుంచక్కా?"

"నీ ఉద్యోగం పర్మనెంటైన ఏడాది నుంచి అనుకో. అప్పుడే కదా నాకు వెనక గదిలో పడుకోవద్దని కూడా చెప్పారు. గాలి ఆడాలట. గాలి గురించి ఆయనకి తెలిసినంత మనకేం తెలుసులే!" అక్క నవ్వుకుంటూ తడిబట్టలు తీయడానికి లోపలికి వెళ్లిపోయింది.

టీ మీద మీగడ కట్టింది.

పుట్టి బుద్ధెరిగాక ముక్కు బావని ఎప్పుడూ నువ్వనే పిలిచింది. ఇప్పుడు నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"మీకు తెలుసు."

బావ గోడ వైపు చూస్తున్నాడు.

"నేను చెబుతుంటే అంకె ఎంతొచ్చిందని కూడా అడగలేదు మీరు. తెలిసిన అంకెని ఎవరడుగుతారు? ఇన్నేళ్లుగా తెలుసు మీకు!"

"అరవకు. మీ అక్క వింటుంది."

"విననివ్వండి."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జలుబుకి తుడుచుకున్నాడో మరి దేనికో.

"ఒకసారి చిన్న పరికరం ఇంటికి తెచ్చాను. బ్యాటరీ సరిగ్గా నిలవడం లేదని చూద్దామని. పెరట్లో ఆన్ చేస్తే మోగింది. పాడైందనుకున్నాను. ఇంకొకటి తెస్తే అదీ మోగింది. మైదానం కింద స్టేషనుది పాత గొట్టం ఒకటుంది. కొత్తది వేసినప్పుడు దాన్ని ఖాళీ చేసి రెండు వైపులా మూసేశామన్నారు. మూసింది ఒక వైపే."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను. మన ఆఫీసు మేనేజరు చెవిన వేశాను. కూర్చోబెట్టి మర్యాద చేశాడు. చూద్దాం మాస్టారూ, తొందరపడి బయట అనకండి అన్నాడు. ఆ వారం తిరక్కుండానే నీ పర్మనెంటు కాగితం వచ్చింది."

ముక్కుకి ఆ రోజు గుర్తుంది. కవరు బావే తెచ్చాడు. ఆమె ఇల్లంతా గంతులేసింది. అక్క ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. బావ ఒక మూల కూర్చుని చూస్తూ ఉండిపోతే, సంతోషంలో మాట రావడం లేదు పాపం అని ఇద్దరూ ఆయన్ని ఏడిపించారు.

"మీరడిగారా?"

"లేదు. నేను అడగలేదు. వాళ్లూ ఏమీ అనలేదు."

"కానీ అర్థమైంది."

"అర్థమైంది," అన్నాడు బావ. "అర్థం కానట్టు తీసుకున్నాను."

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. తన కష్టం, తన తెలివి, తన అదృష్టం అని ఇన్నాళ్లూ అనుకున్నదంతా ఒక గొట్టం నోరు మూయడానికి బదులు ఒక మనిషి నోరు మూయడానికి ఇచ్చినదని తేలింది. ఆ మైదానంలో సున్నా కొట్టిన చేతులు తనవే. ఆ అబద్ధపు అంకెల కింద ఉన్న పేరూ తనదే. లోకాన్ని చల్లబరుస్తున్నానని రోజూ వ్యానెక్కింది, ఎంత బాగా చల్లబరిచింది!

"అయితే ఇదంతా నా కోసమంటారు."

"అలా చెప్పుకుంటే నాకు నిద్ర పట్టేది," అన్నాడాయన. "అందుకని చెప్పుకున్నాను."

ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు. లేకపోవడం వల్లే ఆమెకి ఇంకా అసహ్యం వేసింది.

"ఈ వరసలో ఉన్న ఇళ్లవాళ్లకి చెప్పారా? పోనీ, పక్కింటి టైలరుగారికి?"

"బయట ప్రమాదం లేదు. తేలిక గ్యాసు, పైకి పోతుంది. మూసిన గదిలో చేరి నిప్పురవ్వ తగిలితేనే..."

"అందుకే మన కిటికీకి మేకులు కొట్టారు."

"టైలరు వెనక గది కిటికీ కూడా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇస్త్రీ వేడికి ఆయన మూయడు. నేను రోజూ పొద్దున్నే పెరటి చివరికి వెళ్లి చూసి వస్తాను."

"రోజూ చూస్తారు. చెప్పడం మాత్రం చెప్పరు." ఆమె లేచి నిలబడింది. ఇంకా నాలుగు మాటలు అనేసి వెళ్లిపోదామనే లేచింది. కానీ కాళ్ల కింద, వరండా మెట్టు పక్కన, పెరట్లో నిలిచిన నీళ్లు కనిపించాయి. ఆ నీళ్లలో ఒకచోట సన్నని బుడగలు లేచి పగులుతున్నాయి. బియ్యం ఉడుకు పట్టేముందు గిన్నె అడుగు నుంచి లేచేలాంటివి.

"బావా," అంది. మీరు అనడం మర్చిపోయింది. "నేల తడిసి ముద్దయితే ఏమవుతుందని నేర్పావు నాకు?"

ఆయన కూడా ఆ బుడగల్నే చూస్తున్నాడు.

"పైకి రావాల్సిన గ్యాసుకి దారి మూసుకుపోతుందని చెప్పావు. అది పక్కకి పాకుతుందని, ఎక్కడ నేల పొడిగా ఉంటే అక్కడికి చేరుతుందని. పొడి నేల ఎక్కడుంటుంది బావా, ఇళ్ల కింద తప్ప? ఈ మూడు రోజులూ వెళ్లి చూశావా నువ్వు?"

"జలుబు చేసి..." అన్నాడాయన.

ముక్కు చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి దిగింది. బురదలో పడుతూ లేస్తూ చివరికి వెళ్లి పక్కకి తిరిగింది. టైలరు వెనక గది గోడ అక్కడుంది. కిటికీ ఉండాల్సిన చోట చెక్క బిగించి ఉంది. చుట్టూ కొత్త సిమెంటు, ఎంత జాగ్రత్తగా పూశారో, వెంట్రుక దూరే సందు కూడా వదల్లేదు. సంచీలోంచి పరికరం తీసి గోడ మొదట్లో, సిమెంటుకీ నేలకీ మధ్య పెట్టింది. పరికరం ఒకసారి కూసింది. మళ్లీ కూసింది. ఆ తర్వాత ఆపకుండా మొత్తుకోవడం మొదలుపెట్టింది.

"అదేం గోలే?" అక్క చేతిలో తడి దుప్పటితో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఆ కిటికీయా? మొన్ననే మూయించాడు. వెనక గదిలో బడిపిల్లల యూనిఫారాలన్నీ జల్లుకి తడిసిపోతున్నాయట. మన ఇంట్లోలా మేకులు కొట్టే మొగుడు లేడుగా ఆ ఇంట్లో."

"ఇంట్లో ఎవరున్నారక్కా?"

"ఎవరూ లేరు. ఆయన పొద్దున ఎవరికో కొలతలు తీసుకోవాలని వెళ్లాడు. అదుగో, వచ్చేసినట్టున్నాడు."

నిజమే. పక్కింటి గేటు కిర్రుమంది. తాళం తీసిన చప్పుడైంది. సాయంత్రం మబ్బుకి ముందే చీకట్లు కమ్ముకున్నాయి. చీకటి గదిలోకి అడుగు పెట్టిన మనిషి ముందు ఏం చేస్తాడో చెప్పడానికి చదువక్కర్లేదు. చెయ్యి దానంతట అదే గోడ మీద స్విచ్చు కోసం తడుముకుంటుంది. ముక్కు అరవబోయింది. లోపల అడుగులు వెనక గది వైపు వస్తున్నాయి.

"లైటు వెయ్యొద్దు!"

ఆ అరుపుకి ముక్కే ఉలిక్కిపడింది. బావ వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తువ్వాలు జారి బురదలో పడింది.

"టైలరుగారూ! లైటు వెయ్యొద్దు! దేన్నీ ముట్టుకోవద్దు! బయటికొచ్చెయ్యండి, ఉన్నపళంగా వచ్చెయ్యండి! గదినిండా గ్యాసుంది! గ్యాసు!"

అడుగులు ఆగిపోయాయి. తర్వాత అడుగులు వెనక్కి తిరిగాయి, పరుగందుకున్నాయి, ముందు తలుపు దడాలుమంది. ముక్కు ఆ గోడకి దూరంగా జరిగింది.

వరసలో ఉన్న ఇళ్ల నుంచి ఒక్కొక్కరే తొంగిచూశారు. బట్టలు తీస్తున్నవాళ్లు, పిల్లల్ని లోపలికి పిలుస్తున్నవాళ్లు, అందరూ పిట్టగోడల మీంచి ఇటే చూస్తున్నారు. టైలరు సందులోంచి చుట్టు తిరిగి పెరట్లోకి వచ్చాడు. మెడలో టేపు వేలాడుతోంది. మొహం పాలిపోయింది. గాలి రెండుసార్లు గట్టిగా పీల్చి చూశాడు.

"గ్యాసంటారేంటి మాస్టారూ? నాకేం వాసన తగల్లేదే."

"దానికి వాసన ఉండదు," అన్నాడు బావ. గొంతు అప్పటికే దిగిపోయింది.

"వాసన లేదు. మీరేమో జలుబని మూడు రోజులుగా వరండా దిగలేదు. మా గదిలో గ్యాసుందని మీకెలా తెలిసింది?"

బావ మెల్లిగా తల తిప్పి ముక్కు వైపు చూశాడు. ముక్కు చేతిలో పరికరం ఇంకా కూస్తూనే ఉంది. నేనే ఇప్పుడే కొలిచాను, నేనే ఆయనకి చెప్పాను అని ఆమె ఒక్క మాట అంటే చాలు. అందులో సగం నిజమే కూడా. జీవితంలో ఎన్నడూ ఆమెని ఏమీ అడగని మనిషి ఇప్పుడు కళ్లతో అడుగుతున్నాడు.

అక్క తడి దుప్పటి తీగ మీద పడేసి, మేకులు కొట్టిన తమ కిటికీ వైపు ఒకసారి చూసి, పెరట్లోకి దిగి వచ్చింది. మొగుణ్ణి చూడలేదు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"చెప్పవే," అంది అందరికీ వినబడేలా. "మీ బావకి ఎలా తెలిసిందో, ఎప్పట్నుంచి తెలుసో, చెప్పు."